వెనక్కి తీసుకున్న స్తోత్రం

వెండెల్ హౌగెన్ చర్చిలో నోరు విప్పే మనిషి కాడు. పాట పాడేటప్పుడు పెదవులు కదిలేవి గాని గొంతు పక్కవాళ్ళకి కూడా వినబడేది కాదు. వెనక నుంచి రెండో బల్ల మీద, కిటికీ పక్కన, వాళ్ళ తాతా నాన్నా కూర్చున్న చోటే కూర్చునేవాడు. ప్రసంగం అయ్యాక పాస్టరమ్మ రూత్ గారు, "ఈ వారం ఎవరికేం సంతోషం కలిగింది, ఎవరికేం కష్టం వచ్చింది, చెప్పుకోండి. అందరం కలిసి దేవుడి ముందు పెడదాం" అని అడుగుతారు. ఆ సంఘంలో అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఒకరు లేచి మనవరాలు పుట్టిందంటారు. ఒకరు అన్నకి తుంటి ఎముక విరిగిందంటారు. వానల్లేని ఏడు వాన అడుగుతారు. వెండెల్ తల్లి చనిపోయిన వారం కూడా అతను లేవలేదు. భార్య మార్లిస్ లేచి అతని బదులు చెప్పింది.

అలాంటి మనిషి తన జన్మలో రెండుసార్లు ఆ బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. రెండుసార్లూ ఒకే సంగతి గురించి.

విస్కాన్సిన్‌లో ఆ లోయ పొడుగునా పాడి మీద బతికే కుటుంబాలే. వెండెల్ పుట్టిన ఇంటికీ ఆవుల కొట్టానికీ మధ్య గట్టిగా పిలిస్తే వినబడేంత దూరం. తెల్లవారకముందే లేచి కొట్టంలో దీపం వేసేవాడు. ఒక్కో ఆవునీ పేరు పెట్టి పలకరించి గాని చెయ్యి వేసేవాడు కాదు. చలికాలంలో పొదుగు ముట్టుకునే ముందు అరచేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకునేవాడు. మంచు కురిసిన పొద్దున, తన వాకిలి తోసుకోకముందే ట్రాక్టరు వేసుకుని ఒంటరిగా ఉండే ఎడ్నా ముసలమ్మ ఇంటికి పోయి ఆవిడ దారి శుభ్రం చేసి వచ్చేవాడు. ఎవరు చేస్తున్నారో ఆవిడకి తెలుసు. ఆవిడ అడగలేదు, ఇతను చెప్పలేదు. క్రిస్మసుకి మాత్రం గుమ్మం దగ్గర ఒక డబ్బా నిండా కేకు ముక్కలు పెట్టి ఉండేవి, పేరేమీ రాయకుండా.

కొట్టం తలుపు తీస్తే లోయకి అవతల గుట్ట కనబడుతుంది. గుట్ట మీద కాలేజీ. దానికో పేరుంది గాని ఊళ్ళో అందరూ 'గుట్ట' అనే అంటారు. ఎర్ర ఇటుకల మేడలు, ఒక గంట గోపురం, ఒక పెద్ద బడిలో ఉన్నంతమంది పిల్లలు. అక్కడ డాక్టరు చదువూ లేదు, ఇంజనీరు చదువూ లేదు. చరిత్ర, తత్వం, సంగీతం, చిత్రకళ, పాత భాషలు, నక్షత్రాలు, అన్నీ కొంచెం కొంచెంగా చెప్పి, ఆలోచించడం నేర్పి పంపిస్తామని వాళ్ళ మాట. వెండెల్ బడి చదువు అయిపోవస్తుండగా ఇంగ్లీషు పంతులమ్మ ఇంటికొచ్చి, "వీణ్ణి గుట్ట మీదికి పంపండి. చదివింది మనసులో పెట్టుకునే పిల్లాడు" అని తండ్రిని అడిగింది. తండ్రి ఆవిడకి కాఫీ ఇచ్చి, చెప్పిందంతా మర్యాదగా విని, "మరి సాయంత్రం పాలు ఎవరు పితుకుతారండీ?" అన్నాడు. ఆ మాట అక్కడితో సరి.

తండ్రిని వెండెల్ తప్పు పట్టలేదు. కాని ఏటా డిసెంబరులో గుట్ట మీద పిల్లలు క్రిస్మస్ పాటలు పాడే సాయంత్రం, ఉన్న ఒక్క సూటూ వేసుకుని మార్లిస్‌ని తీసుకుని వెళ్ళేవాడు. పాటలు అయిపోయి, జనం లేచి, కోట్లు తొడుక్కుంటున్నా ఇంకా అలాగే కూర్చునేవాడు. "ఇంక లెండి, ఆవులు చూస్తుంటాయి" అని మార్లిస్ భుజం తట్టాలి.

చాలా ఏళ్ళు పిల్లల్లేక, ఇక కలగరనుకున్నాక పుట్టిన కూతురు బ్రిటా. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఆవుల మధ్యే చదువుకునేది. పక్కనున్న ఆవు మెడ చాచి పుస్తకం అంచు నాకితే విసుక్కోకుండా పేజీ తిప్పేది.

ఆ పిల్ల బడి ముగించే ఏడు, చలికాలం చివర్న, పాలు పితికే వేళకి ఫోను మోగింది. గుట్ట మీది నుంచి ఎవరో కుర్రవాడు. గొంతులో ఎంతో గౌరవం.

"హౌగెన్ గారేనాండీ? మీ అమ్మాయి బ్రిటాని మా వ్యవస్థాపకుల పురస్కారానికి ఎంపిక చేశామండి. ఫీజులో సగం కాలేజీయే భరిస్తుంది. ఇలాంటి అమ్మాయి రావడం మాకు గర్వమండి."

వెండెల్ చేతిలో గుడ్డ జారిపోయింది. "ఇంకోసారి చెప్తారా బాబూ?" అన్నాడు. వినబడక కాదు.

మర్నాడు దాణా కొట్టు దగ్గర డారెల్ ఓప్సాల్ కనబడ్డాడు. డారెల్‌ది లోయలో పక్క పొలం. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బస్సులో బడికి పోయినవాళ్ళు. డారెల్ నోరు ఎప్పుడూ ఊరుకోదు. వెండెల్ ఫోను సంగతి చెప్పాడు.

"సగం పోగా మిగిలిన సగం ఎంతరా?" అని అడిగాడు డారెల్.

వెండెల్ చెప్పాడు. డారెల్ సన్నగా ఈల వేశాడు.

"ఒరేయ్, రాష్ట్ర యూనివర్సిటీకి పంపితే ఏ పురస్కారమూ లేకుండానే అంతకంటే తక్కువకి తేలుతుంది కదరా. ముందు పెద్ద రేటు చెప్పి, తర్వాత తగ్గించి, నీ మొహం చూసి తగ్గించానంటే నువ్వు పడిపోయావా? సంతలో టోపీలు అమ్మేవాడు చేసేదీ అదేగా."

"టోపీ కాదురా ఇది. పిల్లని వాళ్ళు ఎంచుకున్నారు."

"మనం ఆవుని ఎంచుకోమూ? అది కొనడానికే కదా."

వెండెల్ దాణా బస్తా బండిలో వేసి, ఇటు తిరక్కుండానే అన్నాడు. "మీ జానెల్ ఇంకా చిన్నపిల్ల కాబట్టి నీకిలా అనిపిస్తోంది. ఇది ఈర్ష్యరా డారెల్. రేపు దాన్ని పిలిచినప్పుడు నీకే తెలుస్తుంది."

మెల్లగా అన్న మాటే గాని డారెల్‌కి గట్టిగా తగిలింది.  వెండెల్ బండి తలుపు సరిగ్గా పడకపోతే, డారెల్ తనే వచ్చి నొక్కి వేసి వెళ్ళాడు.

ఆ ఆదివారమే వెండెల్ మొదటిసారి లేచాడు. ముందు బల్లల మీదివాళ్ళు ఎవరు లేచారా అని వెనక్కి తిరిగి చూశారు. అతను ముందు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మా బ్రిటాని గుట్ట మీద ఎంపిక చేశారు. పురస్కారం ఇచ్చారు. మా ఇంట్లో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. దేవుడు మా పిల్లని చూశాడు. స్తోత్రం చెప్పుకుందామని లేచాను" అని కూర్చున్నాడు.

ఆ సంఘంలో చప్పట్లు కొట్టే అలవాటు లేదు. ఆ రోజు కొట్టారు. రూత్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కింద గదిలో కాఫీల దగ్గర ఎడ్నా ముసలమ్మ బ్రిటా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, "మా లోయ పిల్లవే నువ్వు" అంది. బ్రిటా సిగ్గుతో ఎర్రబడింది. డారెల్ కూడా వచ్చి చెయ్యి కలిపాడు. ఆ రోజు వెండెల్ తిన్న కేకు ముక్క రుచి తర్వాత చాలా కాలం జ్ఞాపకం ఉంది.

మిగతా సగం కోసం ఆవుల్ని అమ్మాడు. పాల ధర పడిపోయి ఎలాగూ కష్టంగా ఉందని ఊరు అర్థం చేసుకుంది. వేలంపాట రోజున ఊళ్ళో ఆడవాళ్ళు వేడి వేడి సూపు చేసి తెచ్చి వచ్చినవాళ్ళందరికీ పోశారు, పెళ్ళిలాగా. ఆవులు ఒక్కొక్కటే బయటికి వచ్చి, లారీ ఎక్కుతున్నాయి. డాగ్ని అనే పడుచు ఆవు వంతు వచ్చింది. బ్రిటా చేతి మీద పాలు తాగి పెరిగిన దూడ అది. కాలు కాస్త ఈడుస్తుందని కోతకి కొనే వ్యాపారి తక్కువకి అడిగాడు. అప్పుడు డారెల్ చెయ్యెత్తాడు. వ్యాపారి పెంచాడు, డారెల్ ఇంకా పెంచాడు. దాని విలువకి మించి పోయేదాకా ఆగలేదు.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు వెండెల్ తర్వాత.

"నా కొట్టంలో ఒక చోటు ఖాళీగా ఉందిలేరా" అన్నాడు డారెల్.

తర్వాత వెండెల్ జున్ను ఫ్యాక్టరీకి పాల ట్యాంకరు తోలే పనికి కుదిరాడు. ఊళ్ళోవాళ్ళ కొట్టాలకి పోయి వాళ్ళ పాలు నింపుకుని పోవడం. డారెల్ పాల గదికి రోజు విడిచి రోజు వెళ్ళాలి. అక్కడ కిటికీ గట్టు మీద ఫ్లాస్కులో అతని కోసం కాఫీ ఉండేది. పక్కన గోడకవతల డాగ్ని అతని అడుగుల చప్పుడుకి ఒకసారి అరిచేది. అతను తొట్టికి గొట్టం తగిలించి, పాలు ఎక్కేలోపల పోయి దాని నుదురు గోకి వచ్చేవాడు. తన కొట్టంలోకి మాత్రం వెళ్ళడం మానేశాడు. అది పట్నంవాళ్ళ పడవలు దాచుకోవడానికి అద్దెకిచ్చాడు.

బ్రిటా గుట్ట మీద నాలుగేళ్ళు చదివింది. బాగా చదివింది. మొదట్లో సెలవులకి వచ్చినప్పుడు కాస్త ముభావంగా ఉండేది. కొత్త చోటు కదా అనుకున్నారు. మూడో ఏడు నుంచి పాత చిత్రాల గురించి చదవసాగింది. ఒకసారి వంటింటి బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచి, "ఇలా రా నాన్నా, నేను దేని గురించి రాస్తున్నానో చూద్దువుగాని" అంది. హాలండులో ఎప్పుడో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట ఎవరో గీసిన ఆవు.

"అప్పటిదాకా రాజుల్నీ దేవదూతల్నీ గీసేవాళ్ళు నాన్నా. ఇతను ఆవు ముందు కూర్చుని, దాన్ని కూడా రాణిని చూసినట్టే చూశాడు. దాని కంట్లో చూడు, కిటికీ కనబడుతోంది."

వెండెల్ చూశాడు. నిజంగానే ఆవు కంట్లో చిన్న కిటికీ ఉంది. కిటికీలో వెలుతురు. తను ఇన్నేళ్ళు ఆవుల మొహంలోకి చూశాడు గాని వాటి కంట్లో కొట్టం కిటికీ ఉంటుందని ఎన్నడూ చూడలేదు. చాలాసేపు పుస్తకం మీదికి వంగి ఉండి, "ఆ చెవి మన డాగ్నిది" అన్నాడు. బ్రిటా నవ్వబోయి, ఆగిపోయి, పుస్తకం మూసింది.

పట్టాలిచ్చిన రోజున గుట్ట మీద తెల్లటి షామియానా వేసి తల్లిదండ్రులకి భోజనం పెట్టారు. వెండెల్ పాత సూటులో, మార్లిస్ కొత్త గౌనులో, బ్రిటా పట్టా పుచ్చుకున్న నల్ల గౌను, టోపీలతో కూర్చున్నారు. వాళ్ళ బల్ల దగ్గర చికాగో నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, అతని భార్య ఉన్నారు. మంచివాళ్ళు. మార్లిస్‌కి రొట్టె అందలేదని ఆయన తన పళ్ళెంలోది తీసి ఇచ్చాడు. మాటల్లో మార్లిస్ చెప్పింది. "మా అమ్మాయికి వ్యవస్థాపకుల పురస్కారం వచ్చిందండి. అందుకే చదివించగలిగాం."

"మావాడికీ అదేనండి" అన్నాడు ఆయన. "అందరికీ ఇస్తారు కదా. వాళ్ళు చెప్పే ఆ పూర్తి ఫీజు కట్టేవాళ్ళు ఎవరుంటారు ఇక్కడ? నేనైతే ఇంకో కాలేజీ ఇంకా తగ్గించిందని ఫోను చేసి చెప్పి, ఇంకొంచెం తగ్గించుకున్నాను. మీరూ అడిగే ఉంటారు."

"అందరికీ అంటే?" అన్నాడు వెండెల్.

"అందరికీ అంటే అందరికీనండి. పేర్లు వేరు వేరుగా పెడతారు, ఆ కాస్త ముచ్చట కోసం. ఈ చిన్న కాలేజీలన్నీ ఇంతే కదా." చెబుతూనే ఆయన వెండెల్ మొహం చూశాడు. తడబడ్డాడు. "అయినా మీ అమ్మాయి తెలివైనది లెండి, చూస్తేనే తెలుస్తోంది" అని వెండెల్ గ్లాసులో నీళ్ళు పోశాడు.

బ్రిటా తల ఎత్తలేదు. నల్ల టోపీ కుచ్చుని వేలికి చుట్టుకుంటూ ఉంది. అప్పుడే వెండెల్‌కి తెలిసిపోయింది, పిల్లకి ఇది కొత్త సంగతి కాదని.

ఇంటికి వస్తూ ట్రక్కులో ముగ్గురూ ఒకే సీటు మీద. లోయలోకి దిగాక అడిగాడు.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"చేరిన మొదటి వారంలో, నాన్నా. మా వరసలో గదులన్నిటిలో అందరికీ ఉంది."

"మరి చెప్పలేదేం?"

"అప్పటికే ఆవులు వెళ్ళిపోయాయి కదా" అంది బ్రిటా.

మార్లిస్ మధ్యలో కూర్చుని, ఒక చేత్తో భర్త మోకాలూ ఒక చేత్తో కూతురి మోకాలూ పట్టుకుంది. "అయితే ఏం పోయింది ఇప్పుడు? పిల్ల చదువుకుంది. బేరమైతే బేరం."

"బేరమని చెప్పి ఉంటే బేరంలాగే చూసేవాణ్ణి మార్లిస్" అన్నాడు వెండెల్. "రాష్ట్ర యూనివర్సిటీ ధర అడిగేవాణ్ణి. పక్కన పెట్టుకుని చూసేవాణ్ణి. నేను చర్చిలో నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పాను. ఫోనులో సరుకు అమ్మిన కుర్రాడికి చెప్పాల్సింది తీసుకుపోయి దేవుడికి చెప్పాను."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఒకరిని ఒకరు నొప్పించకూడదని ముగ్గురూ ఎంత జాగ్రత్తగా మసలుకునేవాళ్ళంటే, భోజనాల దగ్గర గరిటె చప్పుడు కూడా పెద్దగా వినబడేది. బ్రిటా ఆ చదువుతో చేసే ఉద్యోగాలు దూరాన ఉన్నాయి, అవీ కొద్దివే. తాలూకా ఊరి ఆస్పత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే పనికి కుదిరింది. ఎడ్నా ముసలమ్మ తన నెప్పులన్నీ మొదటి నుంచి చివరిదాకా చెబుతుంటే, ఆ పిల్ల కలం కింద పెట్టి వినేది. "డాక్టరు వినడు, ఆ పిల్ల వింటుంది" అని ముసలమ్మ ఊరంతా చెప్పేది. "బొమ్మల చదువు చదివి ఆస్పత్రిలో పేర్లు రాస్తోంది" అని కూడా ఊరు చెప్పుకునేది. రెండూ వెండెల్ చెవిన పడేవి.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు వెండెల్ ట్యాంకరు ఆపేసరికి డారెల్ పాల గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఇంత మొహం చేసుకుని.

"ఒరేయ్ వెండెల్, నిన్న ఫోను వచ్చిందిరా. గుట్ట నుంచి. మా జానెల్‌కి."

వెండెల్ ట్యాంకరు తలుపు వేసి ఇటు తిరిగాడు. "పురస్కారమా?"

"వ్యవస్థాపకులది. మీ బ్రిటాకి వచ్చిందే." డారెల్ ఫ్లాస్కు తీసి, తనే కాఫీ పోసి ఇచ్చాడు.  "అప్పట్లో నిన్ను ఏవేవో అన్నానురా. టోపీలన్నాను. ఇప్పుడు తెలిసింది నీకెలా ఉండేదో. మందని అమ్మేద్దామనుకుంటున్నా. పెద్ద డెయిరీవాళ్ళు మొత్తం తీసుకుంటామంటున్నారు."

వెండెల్ కప్పు కింద పెట్టాడు. "డారెల్, విను. ఆ రోజు నువ్వన్నదే నిజం. అది అందరికీ ఇస్తార్రా. మా పిల్ల చదువు అయిపోయిన రోజు తెలిసింది నాకు. ఎంపికా లేదు, ఏమీ లేదు. అసలు ధరే అది. ఆవుల్ని అమ్మకు. రాష్ట్ర యూనివర్సిటీ ధర కనుక్కో. లేదా ఫోను చేసి ఇంకా తగ్గించమని అడుగు, తగ్గిస్తారు."

డారెల్ మొహంలో ఆ వెలుగు మెల్లగా తగ్గిపోయింది. "అందరికీనా?"

"అందరికీ."

"నీ కూతురికి వచ్చినప్పుడు అది దేవుడు చూడటం. చర్చిలో లేచి మరీ చెప్పావు. నా కూతురికి వచ్చేసరికి అందరికీ ఇచ్చేదయిందా?"

"నువ్వే అన్నావు కదరా అప్పుడు..."

"అప్పుడు నాది ఈర్ష్య. నువ్వే చెప్పావు ఆ మాట, దాణా కొట్టు దగ్గర. ఇన్నేళ్ళూ గుండెలో పెట్టుకున్నాను. మరి ఇప్పుడు నీది ఏంట్రా?" డారెల్ ఆ కప్పు తీసి కాఫీ కాలవలో పారబోశాడు. "మీ పిల్ల అంత చదివి ఆస్పత్రిలో పేర్లు రాస్తోందని కడుపుమంటా? మా పిల్ల అక్కడితో ఆగదులే."

మళ్ళీ వెళ్ళిన రోజున కిటికీ గట్టు మీద ఫ్లాస్కు లేదు.

శనివారం భోజనాల దగ్గర వెండెల్ కూతురికి చెప్పాడు. "డారెల్ నమ్మడమ్మా. ఎప్పటిదాకా నమ్మడంటే, నేను చర్చిలో చెప్పిన మాట నిలబడి ఉన్నంతవరకూ. అది చెప్పిన చోటే వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటే ఊళ్ళో నీకు..."

"నాకేం కాదు నాన్నా" అంది బ్రిటా. "నేను నిన్ను బాధపెట్టకూడదని ఊరుకున్నాను. ఊరుకోకపోతే నువ్వు రెండో ఏడు నన్ను మాన్పించేవాడివి. ఆ సంగతీ నాకు తెలుసు. అందుకు కూడా ఊరుకున్నాను" అంది. తల దించుకుని, పళ్ళెంలో బఠానీలు ఒక పక్కకి చేర్చింది. "నాకు అక్కడ ఉండాలనిపించింది నాన్నా."

వెండెల్ రొట్టె మీద వెన్న రాసి ఆమె పళ్ళెంలో పెట్టాడు.

ఆదివారం డారెల్ లేచి చెప్పాడు. జానెల్ ఆ పక్కన లేత నీలం గౌను వేసుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకసారి చేశాక అది అలవాటైంది. "ఇంకెవరైనా ఉన్నారా?" అని రూత్ గారు అడిగారు. వెండెల్ ముందు బల్ల అంచు పట్టుకుని లేచాడు.

"చాలా కాలం కిందట నేనిక్కడ లేచి ఒక స్తోత్రం చెప్పాను. మా అమ్మాయిని గుట్ట మీద ఎంపిక చేశారని. అది నిజం కాదు. అది అక్కడ చేరే ప్రతి పిల్లకీ ఇస్తారు. తెలియక చెప్పాను. తెలిశాక రెండేళ్ళు ఊరుకున్నాను. ఆ మాట నమ్మి ఆవుల్ని అమ్మాను, ఇంకెవరూ అలా అమ్మకూడదు. పిల్లలు మంచివాళ్ళే, చదువు మంచిదే. కాని దేవుడి పేరు మీద ధర మాట్లాడినట్టయింది. ఆ స్తోత్రం వెనక్కి తీసుకుంటున్నాను."

బల్ల కిర్రుమంది. కూర్చున్నాడు. బ్రిటా తండ్రి చెయ్యి మీద చెయ్యి వేసింది. జానెల్ మొహం చూడటానికి అతనికి ధైర్యం చాల్లేదు. రూత్ గారు గొంతు సవరించుకుని, "ప్రార్థన చేద్దాం" అన్నారు.

కింద గదిలో కాఫీల దగ్గర ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. మొక్కజొన్న విత్తనాల గురించి మాట్లాడారు. చలి ఇంకా వదల్లేదన్నారు. ఒకరు అతని కప్పులో అడగకుండానే కాఫీ పోశారు. ఒకరు పెద్ద కేకు ముక్క కోసి పెట్టారు. ఎడ్నా ముసలమ్మ భుజం నిమిరి, "పోనీలే నాయనా" అంది. అతను పక్కకి తిరిగాక, మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మెల్లగా అనుకున్నది మార్లిస్ చెవిన పడింది. "పాపం, ఆవులు పోయినప్పటి నుంచి ఆయనలో ఆయన లేడు." వాళ్ళకి అతని మీద జాలే గాని కోపం లేదు. కోపం వచ్చినా బాగుండేది, అతను చెప్పింది విన్నట్టయినా ఉండేది.

వేసవి మొదట్లో దాణా కొట్టు గోడ మీద డారెల్ పాల సామాన్ల అమ్మకం కాగితం పడింది. మంద పెద్ద డెయిరీకి పోతోంది.

చివరిసారి పాలు నింపుకోవడానికి వెండెల్ వెళ్ళిన సాయంత్రం, కిటికీ గట్టు మీద ఫ్లాస్కు ఉంది. డారెల్ తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వెండెల్ గొట్టం తగిలించాడు. పాలు ఎక్కసాగాయి.

"జానెల్ స్నేహితురాలికీ వచ్చిందట ఫోను" అన్నాడు డారెల్ నేలకేసి చూస్తూ. "బస్సు తోలే ఆయన కొడుక్కీ వచ్చింది. వాడు పరీక్షలు ఎలా గట్టెక్కాడో వాళ్ళమ్మకే తెలీదు."

"మరి ఆపవచ్చు కదరా ఇంకా?"

"డెయిరీవాళ్ళకి మాటిచ్చాను. అదీ కాదు." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "పిల్ల మొహం చూశావా నువ్వు? ఎలా చెప్పను దానికి? నువ్వు చెబితే చర్చి అంతా విననట్టు ఊరుకుంది కదా. నేనూ అలాగే ఊరుకుంటాను." తల ఎత్తి, "నిజం చెప్పరా. అంత పోసినందుకు విలువ చేసిందా ఆ చదువు?"

 గోడకవతల డాగ్ని అరిచింది.

"ఆవు కంట్లో కిటికీ ఉంటుందిరా. మా పిల్ల చూపించింది. ఇన్నేళ్ళు ఆవుల మధ్య ఉండి నేను చూడలేదు. ఆ చదువు లేకపోతే అదీ చూసేది కాదు."

"అయితే చేసిందన్నమాట."

"ఒకసారి నా కొట్టంలోకి పోయి ఆ పడవలు చూసి రా. చూసి వచ్చి, అప్పుడు అను ఆ మాట."

డారెల్ లేచి రెండు కప్పుల్లో కాఫీ పోశాడు. ఒకటి వెండెల్ చేతికిచ్చాడు. చేదుగా ఉంది. చక్కెర వెయ్యడం మరిచాడు. వెండెల్ అలాగే తాగాడు.

అప్పుడు జానెల్ వచ్చింది. గుట్ట పేరు కుట్టిన కొత్త కోటు వేసుకుంది, ఎండాకాలమైనా. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. చర్చిలో అతను అన్నది ఆమె మరిచిపోలేదు. అయినా పెంపకం మంచిది. మర్యాదగానే అడిగింది.

"మామయ్యా, గదుల కోసం అడగమన్నారు. బ్రిటా అక్క ఏ వైపు గదిలో ఉండేది?"

"లోయ వైపు ఉండేదమ్మా. అదే అడుగు" అన్నాడు వెండెల్. "తెల్లవారకముందు లేచి చూస్తే ఇక్కడి కొట్టాల్లో దీపాలు కనబడతాయట. మా దీపం లేదు కదా, మీ నాన్న దీపం చూసి లేచి చదువుకునేదాన్నని..."

అక్కడ ఆగిపోయాడు. ఇక ఆ దీపమూ ఉండదు. డారెల్ వెనక్కి తిరిగి, ఖాళీ అయిన తొట్టి మోటారు ఆపాడు. గోడకవతల డాగ్ని నెమరు వేసే చప్పుడు వినబడింది.

"చెప్పండి మామయ్యా" అంది జానెల్.

"లోయ వైపే అడుగు తల్లీ" అన్నాడు వెండెల్, గొట్టం చుట్టుకుంటూ.